చివరిగా విన్నదెవరు

ఆసుపత్రిలో అందరూ ఆమెను సర్వరమ్మ అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, జీతం కాగితం మీద తప్ప అది మరెక్కడా వాడుకలో లేదు. రోగుల చీటీలు టైపు చేసే గుమాస్తాగా చేరిన మనిషి, ఆ చీటీలన్నీ వెళ్ళి చేరే సర్వర్లనే యంత్రాల బాగోగులు చూసే మనిషిగా మారడానికి సగం ఉద్యోగకాలం పట్టింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. యంత్రం మొరాయించినప్పుడల్లా బయటినుంచి వచ్చే నిపుణుడి వెనక నిలబడి, అతడు విసుక్కునేదాకా ప్రశ్నలు వేసేది. అతడు వెళ్ళాక, మూలన పడేసిన ఒక పాత కంప్యూటరును తానే పాడుచేసి, తానే బాగుచేసి, మళ్ళీ పాడుచేసి నేర్చుకొంది. మెల్లగా మాట్లాడుతుంది, మెల్లగానే నడుస్తుంది. కాని ఒక పని పట్టుకొంటే దాని అంతు చూసేదాకా వదలదని ఆమెతో పనిచేసినవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళకు త్వరలోనే తెలిసివస్తుంది.

ఆసుపత్రి వివరాలన్నీ, అంటే ఎవరికి ఏ పరీక్ష చేశారు, ఏ మందు రాశారు, రక్తనిధిలోని ఏ సంచి ఎవరికి సరిపోతుంది అన్నవన్నీ, మూడు యంత్రాలలో ఉంటాయి. మూడింటిలోనూ ఉండేది ఒకే సమాచారం. ఒకదానిలో ఒక మాట రాస్తే తక్కిన రెండూ ఆ మాట విని, సరేనని, తమ దగ్గరా రాసుకొంటాయి. ఒకటి చెడినా పని ఆగకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. మూడింటినీ కలిపి క్లస్టరు అంటారు.

ఒకనాడు అత్తగారు, "పొద్దున పోయి సాయంత్రం వస్తావు, అసలు అక్కడ ఏం చేస్తావమ్మా?" అని అడిగితే ఆమె ఇదంతా విడమరచి చెప్పింది. అత్తగారు శ్రద్ధగా విని, "అంటే ముగ్గురు తోడికోడళ్ళు ఎప్పుడూ ఒకే మాట మీద ఉండాలన్నమాట. నాకు ఉన్నది ఇద్దరే. వాళ్ళకే కుదర్లేదు" అంది. ఆ మాటను సర్వరమ్మ నవ్వుకొంటూ ఆఫీసులో చెప్పింది. మర్నాటినుంచి యంత్రాలకు పెద్దామె, నడిపామె, చిన్నామె అని పేర్లు పడిపోయాయి. పెద్దామె కాపురం ఆసుపత్రి నేలమాళిగలో, దుప్పట్లు మడతపెట్టే గది పక్కన. నడిపామె రెండో అంతస్తులో, ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు దాచిన గదిలో ఉంటుంది. చిన్నామెను వీధికి ఆవల, సైకిళ్ళ దుకాణం మీది మేడగదిలో పెట్టారు. ఆసుపత్రికి ఏ అగ్నిప్రమాదమో జరిగితే ఒక్కతైనా మిగలాలన్నది ఆలోచన.

అత్తగారు చెప్పిన ఇద్దరిలో ఒకరు సర్వరమ్మ. రెండోవారు ఆమె తోడికోడలు. అదే ఆసుపత్రి రక్తనిధిలో పెద్ద టెక్నీషియను. ఒకప్పుడు ఇద్దరూ ఒకే వంటింట్లో వండుకొని, ఒకే బస్సులో, ఒకే సీటులో కూర్చొని వచ్చేవారు. మామగారు జబ్బుపడి మంచాన ఉన్న రోజుల్లో, సాయంత్రపు మాత్ర వేశావా అని తోడికోడలు అడిగితే సర్వరమ్మ, "వేసినట్టే గుర్తు" అంది. "మందుల దగ్గర గుర్తు పనికిరాదు. వేశావా లేదా, అది చెప్పు" అని తోడికోడలు నలుగురి ముందూ గట్టిగా అంది. మామగారికి ఏమీ కాలేదు. లేచి తిరిగి, మనుమలతో చదరంగం ఆడి, చాలాకాలానికి ప్రశాంతంగా కన్నుమూశాడు. మాట మాత్రం మిగిలిపోయింది. వంటిళ్ళు రెండయ్యాయి, తోడికోడలిది కింద, సర్వరమ్మది పైన. తాను ఎవరి పక్షమూ కాదని చూపడానికి అత్తగారు భోజనం కింద, నిద్ర పైన అని తీర్మానించుకొంది. అంతకుముందు అక్కా అంటూ తోడికోడలిని "నువ్వు" అనే సర్వరమ్మ "మీరు" అనడం మొదలుపెట్టింది. ఆమెతో ఏదైనా చెప్పవలసి వస్తే తోడికోడలు గోడతోనో తలుపుతోనో చెప్పినట్టు చెప్పి వెళ్ళేది.

చిత్రమేమిటంటే, ఆ మాటకు నొచ్చుకొన్న మనిషే ఆ మాటను ఉద్యోగంలో తు.చ. తప్పకుండా పాటించసాగింది. అప్పటినుంచి సర్వరమ్మ ఏ యంత్రం గురించీ "గుర్తు" అనలేదు. చూసినదాన్నే చెప్పేది, చూడనిదాన్ని గురించి అడిగితే, చూసి వస్తానని లేచేది.

అలా ఉండగా ఒక ఉదయం వీధి మలుపులోని ట్రాన్స్‌ఫార్మరు పెద్ద చప్పుడు చేసి ఊరుకొంది. ఆసుపత్రి జనరేటరు రెండుసార్లు దగ్గి మానుకొంది. ఆపరేషను గదికి వేరే జనరేటరు ఉంది కనుక అక్కడ దీపాలు ఆరలేదు. మూడు యంత్రాలూ తమ తమ బ్యాటరీల మీద కొంతసేపు ఊపిరి నిలుపుకొని, ఒకదాని వెనక ఒకటి కూలిపోయాయి. పోయిన కరెంటు తిరిగి వచ్చేటప్పుడు పట్టపగ్గాలు లేకుండా వచ్చింది. వరండాలో రెండు బల్బులు పేలాయి. పెద్దామె, నడిపామె కళ్ళు తెరిచారు గాని పని మొదలుపెట్టలేదు. ఇద్దరి తెరల మీదా ఒకటే మాట: తక్కినవారికోసం ఎదురుచూస్తున్నాను. చిన్నామె జాడే లేదు.

ఇక్కడ ఈ యంత్రాల నడవడి కొంత చెప్పాలి. పద్ధతి ప్రకారం ఒక్కొక్కదాన్నీ నిద్రపుచ్చినప్పుడు, ఆఖరున పడుకొన్నది తన దగ్గర ఒక చిన్న వాక్యం రాసి పెట్టుకొంటుంది: నేనే చివరిదాన్ని, నన్ను ముందు లేపవచ్చు అని. తక్కిన రెండింటి దగ్గరా, నన్ను ముందు లేపవద్దు అని ఉంటుంది. కరెంటు పోయి మూడూ కూలినప్పుడు చివర ఎవరన్నది ఎవరికీ తెలియదు. అప్పుడు మూడింటి దగ్గరా "వద్దు" అనే ఉంటుంది. మూడూ మర్యాదస్తులే, ముందు మీరు, కాదు ముందు మీరు అంటూ గుమ్మంలోనే నిలబడిపోతాయి. ఎవరో ఒక మనిషి పూనుకొని, ఒకదాన్ని చెయ్యి పట్టుకొని లోపలికి నడిపించాలి. అలా ముందు నడిచినది చెప్పిందే వేదం. దాని దగ్గర లేనిదేదైనా తమ దగ్గర ఉంటే తక్కిన రెండూ దాన్ని చెరిపేసుకొని, దానితో సమానమైపోతాయి. కనుక వెనకబడినదాన్ని పొరపాటున ముందు నడిపిస్తే, తక్కినవి చివరిగా విన్న సంగతులు మాయమవుతాయి. మాయమైనట్టు ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఆ ఉదయం ఆ సంగతులలో ఒకదానిమీద ఒక ప్రాణం ఆధారపడి ఉంది. మూడో అంతస్తులో ఒక కుట్టుపనిచేసే స్త్రీ ఉంది. ఏళ్ళ తరబడి రక్తం ఎక్కించుకొంటూ బతుకుతున్న మనిషి. అలా ఎక్కించుకోగా ఎక్కించుకోగా ఆమె ఒంటికి పరాయి రక్తం మీద పంతం పెరిగింది. గ్రూపు కలిసిన సంచులలో కూడా చాలావాటిని ఆమె ఒళ్ళు తిప్పికొడుతుంది. ఇప్పుడు కడుపులో రక్తస్రావమై, ఆపరేషను తప్పని స్థితికి వచ్చింది. తోడికోడలు తెల్లవారుతూనే వచ్చి, అరలోని సంచులన్నిటినీ ఒక్కొక్కటిగా ఆమె నమూనాతో పోల్చి, సరిపోయేవి రెండే రెండని తేల్చి, ఆ రెండింటి సంఖ్యలూ కంప్యూటరులో ఎక్కించింది. అప్పటికే కరెంటు పోయింది. ఆమె బల్ల దగ్గరి బ్యాటరీ మీద పని ముగించి, సంచులకు కట్టే చీటీలు ముద్రించబోతూ ఉండగా తెర బిగుసుకుపోయింది. సంచి మీద చేత్తో ఏదీ రాయరాదన్నది రక్తనిధి నియమం. పరీక్షకు వాడిన గొట్టాలు అప్పటికే పారవేసే డబ్బాలో పడ్డాయి. మళ్ళీ మొదటినుంచి పరీక్షించాలంటే సాయంత్రం దాటుతుంది. అంతదాకా ఆగలేనని డాక్టరు కబురు పంపాడు.

కంప్యూటర్ల విభాగానికి పెద్ద ఒకాయన ఉన్నాడు. ఏ వాక్యమైనా "ఇప్పుడే" అని ఎత్తుకొంటాడు కనుక ఆయన వెనక అందరూ ఆయనను ఇప్పుడే సారు అంటారు. మంచివాడు, కష్టపడే మనిషి; తొందర ఒక్కటే ఆయన జబ్బు. సర్వరమ్మ నేలమాళిగకు దిగేసరికి ఆయన పెద్దామె ముందు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ఆయన తలమీదుగా గోడకు అంటించిన కాగితం కనబడుతూంది. "ముందు పెద్దామె, తరవాత నడిపామె, చివర చిన్నామె." మరమ్మతుల కోసం యంత్రాలను ఆపినప్పుడల్లా పెద్దామెను ఆఖరున పడుకోబెట్టి, మొదట లేపడం ఆ విభాగంలో ఆచారం. ఆచారం నడిచి నడిచి నియమమైంది; నియమం కాగితమై గోడ ఎక్కింది.

ఇప్పుడే సారు వాదనకు కాగితం ఒక్కటే ఆధారం కాదు. కరెంటు పనివాడు ఆ సమయానికి నేలమాళిగలోనే ఉన్నాడు. పైన అన్నీ ఆరిపోయాయని కేకలు వినబడినప్పుడు కూడా పెద్దామె దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉండడం అతడు కళ్ళారా చూశాడు. ఆమెకున్నది అన్నింటికన్న పెద్ద బ్యాటరీ. అందరికన్న చివరిదాకా మేలుకొన్నది ఆమే అయినప్పుడు, అందరికన్న ఎక్కువ తెలిసినదీ ఆమే కదా అని ఆయన తర్కం. అందులో పైకి కనిపించే లోపమేదీ లేదు.

సర్వరమ్మ గది మూలకు వెళ్ళి, తీగలన్నీ వచ్చి కలిసే చిన్న పెట్టెను చూసింది. పెద్దామె మాటలు తక్కినవాళ్ళకు, తక్కినవాళ్ళ మాటలు పెద్దామెకు చేరేది ఆ పెట్టె గుండానే. దానికీ ఒక బుల్లి బ్యాటరీ ఉంది. ఆమె దాని మీట నొక్కి చూసింది, ప్రాణం లేదు. కరెంటు పనివాడిని పిలిచి, యంత్రం దీపాలు చూశావు సరే, ఈ పెట్టె దీపాలు చూశావా అని అడిగింది. అతడు కాస్త ఆలోచించి, అది కరెంటు పోవడంతోనే ఆరిపోయిందన్నాడు.

"మేలుకొని ఉండడం వేరు సార్, వింటూ ఉండడం వేరు" అంది సర్వరమ్మ. "ఈ పెట్టె పోగానే పెద్దామెకు చెవులు పోయాయి. దీపాలు వెలుగుతున్నా, ఒంటరిగా పడి ఉంది. పైన ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకొంటూ రాసుకొంటూనే ఉన్నారు."

"ఇప్పుడే ఒకటి అడుగుతాను. ఇది మీ ఊహా, రుజువా?"

"ఇంకా ఊహే. రుజువు చూసి వస్తాను."

రుజువు చూసే మార్గం ఒకటి ఉంది. క్లస్టరులో రాసే ప్రతి మాటకూ ఒక వరుస సంఖ్య పడుతుంది. యంత్రాన్ని పూర్తిగా లేపకుండానే, నువ్వు విన్న చివరి మాట సంఖ్య ఎంత అని దాన్ని అడగవచ్చు. నిద్రలో ఉన్నవాణ్ణి తట్టి పేరడిగితే గొణిగి మళ్ళీ అటు తిరిగి పడుకొన్నట్టు, అది తన రాతలు తిరగేసుకొని ఆ ఒక్క సంఖ్య చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకొంటుంది. సర్వరమ్మ పెద్దామెను అడిగింది. సంఖ్యను ఎవరి చేతా చెప్పించుకోక తానే రాసుకొంది. రెండో అంతస్తుకు ఎక్కి నడిపామెను అడిగింది. నడిపామె సంఖ్య పెద్దామె సంఖ్యకన్న చాలా ముందుంది. ఊహ రుజువైంది. పెద్దామెను గనుక ముందు లేపి ఉంటే, చెవులు పోయిన తరవాత ఆసుపత్రిలో రాసినదంతా తుడిచిపెట్టుకుపోయి ఉండేది.

వెంట ఎక్కి వచ్చిన ఇప్పుడే సారు, అయితే నడిపామెను లేపేద్దామన్నాడు. అదీ న్యాయమైన మాటే. పైనుంచి రెండోసారి కబురు వచ్చింది, ఆయన మాత్రం ఏం చేస్తాడు? అయినా సర్వరమ్మ తల అడ్డంగా ఊపి, మూడోదాన్ని చూడకుండా దేన్నీ లేపనంది.

అంతలో గుమ్మం దగ్గర అలికిడైంది. తోడికోడలు వచ్చి నిలబడింది. ఈ గది గుమ్మం ఆమె ఎన్నడూ తొక్కలేదు.

"ఎంతసేపు పడుతుంది?" అని అడిగింది. తలుపుతో కాదు, సూటిగా సర్వరమ్మ మొహం చూసి.

"చిన్నామెను చూడకుండా చెప్పలేనక్కా. మీ రెండు సంచులూ ఈ నడిపామె దగ్గర ఉండవచ్చు, లేకపోవచ్చు. ఎక్కడిదాకా విన్నదో తెలిసింది గాని, ఏం విన్నదో తెరిస్తే గాని తెలియదు. తెరిచాక తప్పని తేలితే వెనక్కి రాలేం."

ఇప్పుడే సారు కలగజేసుకొన్నాడు. "ఇప్పుడే డాక్టరుగారు చెప్పారు, ఆ నంబర్లు మీకు గుర్తున్నాయట కదా."

"రెండూ గుర్తున్నాయి సార్. అందుకే ఇవ్వను."

"అదేమిటండీ?"

"గుర్తు లేకపోతే భయంతో వెతుక్కుంటాం. గుర్తుందనుకున్నప్పుడే చూసుకోకుండా ఇచ్చేస్తాం." ఆమె మళ్ళీ సర్వరమ్మ వైపు తిరిగింది. "నేను మొదటి సంచినుంచి మళ్ళీ పరీక్ష మొదలుపెట్టాను. నువ్వు నీ పని కానియ్యి. ఎవరిది ముందు తేలితే అది. నాకోసమని తొందరపడి మాత్రం తేల్చకు."

అని, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది. సర్వరమ్మ ఒక్క క్షణం ఖాళీ గుమ్మం వైపు చూసి, తాళాలు తీసుకొని వీధి దాటింది.

సైకిళ్ళ దుకాణం మెట్లు ఎక్కుతూండగానే కాలిన వాసన తగిలింది. వెర్రెత్తి వచ్చిన కరెంటు చిన్నామెకు ఊపిరి అందించే సరఫరా పెట్టెను మాడ్చివేసింది. తక్కిన భాగాలు పైకి బాగానే ఉన్నాయి. కొత్త పెట్టె తెప్పించాలంటే వేరే ఊరినుంచి రావాలి. ఎంత బతిమాలినా మర్నాటికి గాని రాదు. సర్వరమ్మ మూత తీసి, మాడిన పెట్టెను విప్పి, దాని వీపు మీది అక్షరాలను కళ్ళద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివింది. తరవాత దాన్ని ఒళ్ళో పెట్టుకొని కాసేపు కూర్చుంది. పెద్దామెనూ చిన్నామెనూ ఒకే విడతలో, ఒకే దుకాణంలో కొన్నారు. నడిపామె తరవాత వచ్చింది, వేరే రకం. అంటే ఈ లోకంలో ఇప్పటికిప్పుడు చిన్నామెకు సరిపోయే ఊపిరి ఒక్క చోటే ఉంది.

తిరిగి నేలమాళిగకు వచ్చి, తాను ఏం చేయబోతూందో చెప్పేసరికి ఇప్పుడే సారు పెద్దామెకు అడ్డంగా నిలబడ్డాడు. లేచిన యంత్రాన్ని చంపి లేవనిదాన్ని బతికిస్తారా అన్నాడు. ఇందాకటినుంచి తన మాట ఒక్కటీ సాగలేదన్న బాధా ఆ గొంతులో ఉంది. సర్వరమ్మ మరమేకులు విప్పే పనిముట్టు చేతిలో పట్టుకొని ఆయన మాట ముగిసేదాకా ఆగింది.

"చిన్నామె లోపలి డిస్కు కూడా కాలిపోయి ఉంటే?" అన్నాడాయన చివరికి.

"వెనక్కి తెచ్చి పెద్దామెకే బిగిస్తాను సార్. పోయేది కాస్త సమయం. ఇప్పుడు తొందరపడితే పోయేది రాత. సమయం పోయిందని డాక్టరుగారికి నేనే వెళ్ళి చెబుతాను. రాత పోతే ఏం పోయిందో చెప్పడానికి కూడా మన దగ్గర ఏమీ ఉండదు."

ఆయన గోడమీది కాగితం వైపు, ఆమె వైపు చూసి, పక్కకు తప్పుకొన్నాడు.

పెద్దామెను సవ్యంగా ఆపి, సరఫరా పెట్టెను విప్పి తీసింది. పెట్టడానికి ఏమీ దొరక్క, తన చేతిసంచిలోని టిఫిను డబ్బాను బయట పెట్టి, ఆ చోట దాన్ని పెట్టుకొంది. వీధిలో వాహనాలు ఒకదాని తోక ఒకటి పట్టుకొని పోతున్నాయి. అప్పుడు ఇప్పుడే సారు చేసిన పని ఆసుపత్రివాళ్ళు ఈనాటికీ చెప్పుకొంటారు. ఆయన నడివీధిలోకి దిగి, రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు. ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి, ఇంట్లో చెప్పి వచ్చావా అని అడిగినా కదలలేదు. ఆమె తన మామూలు నడకతో, మెల్లగా, సంచిని రెండు చేతులా పట్టుకొని వీధి దాటింది. కాస్త వేగంగా నడవవచ్చు కదమ్మా అని ఆయన తరవాత వాపోయాడు. పడితే పగులుతుంది సార్ అంది.

పెట్టె అమరింది. మీట నొక్కగానే చిన్నామె పంకాలు తిరిగాయి. సర్వరమ్మ అప్పుడైనా సంతోషించక, ముందుగా డిస్కును ఈ కొసనుంచి ఆ కొసదాకా పరీక్షకు పెట్టి, అది ముగిసేదాకా కుర్చీ చేతులు పట్టుకొని కూర్చుంది. డిస్కు క్షేమం. యంత్రం తనంతట తాను లేవబోయి, తక్కినవారికోసం ఎదురుచూసే పాత పాటే అందుకోబోతే దాన్ని ఆపింది. అప్పుడు అడిగింది: నువ్వు విన్న చివరి మాట సంఖ్య ఎంత?

చిన్నామె చెప్పింది. సర్వరమ్మ తాను రాసుకొన్న రెండు సంఖ్యల కింద దాన్ని రాసింది. నడిపామె సంఖ్యకన్న అది కొంచెమే ఎక్కువ, వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత. నడిపామె ఆ చివరి మాటలు విన్నది గాని, వాటిని డిస్కు మీద రాసుకొనేలోపే ఊపిరి పోయింది. చిన్నామె రాసుకొని మరీ కన్నుమూసింది.

అంకె అంకె పక్కన వేలు పెట్టి మూడింటినీ మళ్ళీ సరిచూసింది. వెనక నిలబడ్డ ఇప్పుడే సారును కూడా సరిచూడమంది. ఆయన చూసి తల ఊపాడు. అప్పుడు చిన్నామె దగ్గరున్న వాక్యంలో "వద్దు" అన్నదాన్ని తన చేత్తో "లేపవచ్చు" అని మార్చి, ఆమెను మొదటిదానిగా లేపింది. తెర మీద వరసలు వరసలుగా ఏవేవో పరుగెత్తి, ఆగాయి. సిద్ధంగా ఉన్నాను అంది చిన్నామె. వీధికి ఆవల నడిపామె ఆమె గొంతు గుర్తుపట్టి, తనకు లేని నాలుగు మాటలూ అడిగి రాసుకొని పక్కన చేరింది. పెద్దామె మాత్రం మర్నాడు కొత్త పెట్టె వచ్చేదాకా నిద్రలోనే ఉండాలి.

సర్వరమ్మ రక్తనిధికి ఫోను చేసింది. "అక్కా, చూడండి."

అవతల మీటలు నొక్కిన చప్పుడు వినబడింది. "ఉన్నాయి" అంది తోడికోడలు.

"రెండూనా?"

"రెండూ. మొదటిది నాకు గుర్తున్నదే. రెండోది కాదు. చివరి అంకెలు తారుమారుగా పెట్టుకున్నాను బుర్రలో. ఆ తారుమారు నంబరు సంచి కూడా ఇక్కడే, అరలోనే ఉంది. పనికిరాదని పొద్దున నేనే పక్కన పెట్టాను."

"చీటీలు కట్టి పైకి పంపండక్కా" అంది సర్వరమ్మ. "తరవాత మాట్లాడుకుందాం."

సంచులు పైకి వెళ్ళాయి. సర్వరమ్మ మేడగదిలోనే కూర్చొని, నడిపామె ముందు లేచి ఉంటే ఏమై ఉండేదో అని ఆ చివరి మాటలను ఒక్కొక్కటిగా చూసింది. నడిపామె దగ్గర అప్పటికి మొదటి సంచి ఉంది. రెండోది లేదు. అంటే నడిపామెను ముందు లేపి ఉంటే, తెర మీద ఒక్క సంచి కనబడేది. అది తోడికోడలికి గుర్తున్నదానితో సరిగ్గా సరిపోయేది. ఒకటి సరిపోయింది కనుక రెండోదీ సరిపోయినట్టేనని ఎవరికైనా ధైర్యం వచ్చి ఉండేది.

ఎండ వాలే వేళకు, కుట్టుపని ఆవిడను ఆపరేషను గదినుంచి వార్డుకు తెచ్చారని, తెలివి వచ్చిందని, మగత తీరకుండానే ఈ కుట్లు ఎవరు వేశారో గాని దూరం దూరంగా వేశారని సణిగిందని కబురు వచ్చింది. డాక్టరు నవ్వాడట. ఇప్పుడే సారు నేలమాళిగకు దిగి, గోడమీది కాగితాన్ని గోటితో గీకి తీసివేశాడు. దీని బదులు ఏం రాయమంటారు అని సర్వరమ్మను అడిగాడు. మూడింటినీ అడిగి, ఎక్కువ విన్నదాన్ని లేపాలి అని రాయమంది. ఆయన తన అందమైన దస్తూరీతో అలాగే రాసి, కింద తన సంతకం పెట్టాడు.

సర్వరమ్మ గేటు దగ్గరికి వచ్చేసరికి తోడికోడలు బస్సు ఆగే చోట నిలబడి ఉంది. ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయినా ఎక్కలేదని అక్కడి పండ్ల బండివాడు తరవాత చెప్పాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

"ఆ రోజు మామయ్యగారి మాత్ర దగ్గర నేనన్న మాట నీకు గుర్తుందా?" అంది తోడికోడలు, రోడ్డు వైపు చూస్తూ.

సర్వరమ్మ ఆలోచించి, "గుర్తును నమ్మడం ఆ రోజే మానేశానక్కా. నువ్వే కదా మాన్పించావు" అంది.

తోడికోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ "నువ్వు" ఆమె విన్నదో లేదో మొహం చూస్తే తెలియలేదు. బస్సు వచ్చాక మాత్రం ముందు తాను ఎక్కి, కిటికీ పక్క సీటు వదిలి, రెండోదాంట్లో కూర్చొని, మోకాళ్ళు పక్కకు తిప్పి చోటు చూపింది.

ఇంటి దగ్గర అత్తగారు కింది ఇంటికీ పై ఇంటికీ మధ్యనున్న మెట్ల మీద, సరిగ్గా సగం దూరంలో కూర్చొని ఉంది. ఆసుపత్రిలో యంత్రాలు పడిపోయాయని కొడుకు ద్వారా కబురు విన్నదట. ఇద్దరు కోడళ్ళూ కలిసి గేటు తీసుకొని రావడం చూసి, కళ్ళు చిట్లించి, ఏమీ ఎరగనట్టు, "ఏమ్మా, మీ ముగ్గురు తోడికోడళ్ళూ ఒక మాట మీదకి వచ్చారా?" అని అడిగింది.

"ఇద్దరు వచ్చారత్తయ్యా" అంది సర్వరమ్మ. "చిన్నది చెప్పింది. నడిపిది విన్నది. పెద్దది రేపు వింటుంది."

"ఎప్పుడూ అదే మాట్లాడేది, చిన్నది" అంటూ తోడికోడలు అత్తగారి పక్కనుంచి ఒదిగి మెట్లు ఎక్కింది. కింది వాటా తాళం చేతిలోనే ఉంది. ఆమె దాన్ని చెంగుకు ముడివేసుకొని, పై వంటింట్లోకి నడిచి, టీకి నీళ్ళు పెడుతూ, పంచదార డబ్బా ఎక్కడ పెట్టావని గట్టిగా అడిగింది.

సర్వరమ్మ ఎక్కడుందో చెప్పబోయి ఆగి, "ఉండక్కా, చూసి చెబుతాను" అంటూ పైకి వెళ్ళింది.